ఎవరి పిచ్చి వారిది, పని అందరిది

మొజంజాహీ మార్కెట్ గడియారం దగ్గర బయలుదేరి పుత్లీబౌలి మీదుగా నడిస్తే కాసేపట్లోనే సుల్తాన్ బజార్ వస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో ఈ రాతి మార్కెట్ కట్టించారు. దానికి 34 ఏళ్ల ముందే, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. ఇప్పుడది సుల్తాన్ బజార్లో సొంత భవనంలో ఉంది. ఉర్దూ రాజభాషగా ఉన్న ఊళ్లో తెలుగు పుస్తకాలకు ఒక చోటు దొరకడమే ఆ రోజుల్లో పెద్ద విషయం. ఆ చోట కలుసుకున్నవాళ్లే 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చరిత్ర, సైన్సు, మహానుభావుల జీవితాలు మామూలు చదువరికి అర్థమయ్యే తెలుగులో వరుసగా పుస్తకాలుగా తేవాలన్నది వారి సంకల్పం. మండలిని భుజాన వేసుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒక సంస్థానం దివాను, ఆయన కొలువు చేసే జమీందారు, పుస్తకమంటే ప్రాణమిచ్చే ఒక ధనికుడు, రాజకీయాల వేడి తలకెక్కిన ఒక యువకుడు, ఒక డాక్టరు. ఎవరి బతుకుతెరువు వారిదే, ఎవరి ఇష్టం వారిదే. అయినా ఈ చిన్న జట్టు తెలుగు చదువరుల మీద వేసిన ముద్ర నేటికీ చెరగలేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, అయిదారుగురితో పని చేయించాల్సిన ప్రతివారికీ ఇందులో ఒక జవాబు దొరుకుతుంది. ఆబిడ్స్‌లో చిన్న ఆఫీసు నడిపేవారైనా, నాంపల్లిలో ప్రభుత్వ విభాగంలో ఒక సెక్షన్ చూసేవారైనా, బడిలో హెడ్మాస్టరైనా, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడరైనా కిందివాళ్ల సొంత ఇష్టాలను ఆఫీసు బయట వదిలిరావాల్సిన చెప్పుల్లాగే చూస్తారు. పాటల పిచ్చి, పాత నాణేల పిచ్చి, లెక్కల పిచ్చి, చెట్ల పిచ్చి ఇంటి దగ్గర ఉండాలి, ఇక్కడ మాత్రం అందరూ ఒకే రకంగా పనిచేయాలి అన్నది మనకు అలవాటైన నీతి. నా వాదన దీనికి ఎదురు. జట్టు చిన్నదైనకొద్దీ ఒక్కొక్కరి ఇష్టం విలువ పెరుగుతుంది. ఎవరికి దేని మీద మనసుందో కనిపెట్టి, దానికి ఉమ్మడి పనిలో చోటు చూపించడమే నాయకుడు చేయాల్సిన మొదటి పని. అయితే ఆ చోటుకు హద్దులు, గడువు, ఫలితంలో న్యాయమైన వాటా ఉండాలి. ఇష్టాన్ని కట్టు లేకుండా వదిలినా నష్టమే, దాన్ని పట్టించుకోకపోయినా నష్టమే.

మండలికి ప్రాణం కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోతే అక్క భండారు అచ్చమాంబ, బావ ఆయన్ని దగ్గర పెట్టుకుని నాగపూర్‌లో చదివించారు. అచ్చమాంబ బడికి పోలేదు. తమ్ముడు చదువుకునేటప్పుడు పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుని, తర్వాత కథలు రాశారు, భారతదేశపు స్త్రీల చరిత్రలతో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కూర్చారు. 1905లో చిన్న వయసులోనే కన్నుమూశారు. మనిషిలోని ఇష్టానికి కాస్త ఊతం దొరికితే అది ఎంత దూరం పోగలదో లక్ష్మణరావు ఇంట్లోనే చూశారన్నమాట. ఉద్యోగంలోనూ ఆయనకు అదే కలిసివచ్చింది. మునగాల సంస్థానంలో దివానుగా ఆయన కొలువు సంస్థానం వ్యవహారాలు చూడడం. మనసు మాత్రం శాసనాల మీద, చరిత్ర మీద. మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆ మనసును తప్పుగా చూడలేదు. దివాను చరిత్ర రాసుకుంటే సంస్థానం పని చెడుతుందని అడ్డుపడలేదు. పైగా భాషా నిలయానికీ మండలికీ తానే అండగా నిలిచారు. ఉత్సాహపరచడమనేది పైనుంచి కిందికి పారే గుణం. పైవాడు ఒక మనిషి ఇష్టానికి చోటిస్తే, ఆ మనిషి తన కింది వాళ్ల ఇష్టాలకు చోటివ్వడం నేర్చుకుంటాడు. జట్టును మార్చాలనుకునే పెద్దలు దీన్ని గుర్తుంచుకోవాలి. టీమ్ లీడరును తానే ఉక్కిరిబిక్కిరి చేస్తూ, అతను మాత్రం తన వాళ్లను ఊపిరి పీల్చుకోనివ్వాలని ఏ యజమానీ ఆశించలేడు.

మండలి పుస్తకాల వరుస చూస్తే ఎవరి చేత ఏం రాయించారో తెలుస్తుంది, ఆ పద్ధతీ అర్థమవుతుంది. మొదటి పుస్తకం ‘అబ్రహాం లింకన్ చరిత్ర’, రాసినది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1907లో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో వందేమాతరం ఉద్యమంలో పాల్గొని చదువు పోగొట్టుకున్న యువకుడాయన. దేశం విడుదల కావాలన్న తపన ఉన్న మనిషికి బానిసత్వాన్ని రూపుమాపిన నాయకుడి జీవితం కన్నా తగిన అంశం ఇంకేముంటుంది? ఆచంట లక్ష్మీపతి డాక్టరు. జీవశాస్త్రం, చలిజ్వరం లాంటి పుస్తకాలు ఆయన రాశారు. చలిజ్వరమంటే ఇప్పుడు మనం మలేరియా అంటున్నదే. రోగి మంచం పక్కన నిలబడే మనిషి రాయడం వల్ల శాస్త్రం ఇంట్లో పనికొచ్చే సంగతిగా మారింది. చిలుకూరి వీరభద్రరావు పత్రికల్లో పనిచేసిన వ్యక్తి. ఆంధ్రుల చరిత్ర మొత్తం ఒకచోట చేర్చాలన్న పట్టుదల ఆయనది. 1910లో ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం మండలి తరఫున వెలువడింది. లక్ష్మణరావు స్వయంగా చరిత్రకారుడు. చరిత్రంతా తానే రాస్తానని కూర్చోవచ్చు. కానీ తనకు ఎంతో ఇష్టమైన రంగంలోనే మరొకరికి పెద్ద పీట వేశారు. నాయకుడికి ఇంతకన్నా కష్టమైన పరీక్ష ఉండదు. తనకు రాని పనిని ఎవరైనా వేరేవాళ్లకు అప్పగిస్తారు. తనకు బాగా వచ్చిన పనిని అప్పగించడానికే మనసు పెద్దదై ఉండాలి.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. మండలి ఎవరికి తోచింది వారిని రాసుకోమని వదిలేయలేదు. అది గ్రంథమాల. ఒక పుస్తకం తర్వాత ఇంకో పుస్తకం రావాలి, చందాదారులు ఎదురుచూస్తుంటారు. చదివేవాడు పండితుడు కాదు, కాబట్టి భాష అందాలి. డాక్టరు జ్వరం గురించే రాస్తాడు, కానీ తోటి డాక్టర్ల కోసం రాయడు. చరిత్రకారుడు శాసనాలే చదువుతాడు, కానీ శాసనాల జాబితా ఇచ్చి ఊరుకోడు. ఏం చేయాలన్నది మనిషి ఇష్టం మీద, ఎవరికోసం, ఎప్పటికి చేయాలన్నది ఉమ్మడి ఒప్పందం మీద నడిచాయి. ఇష్టం, బాధ్యత ఒకదాన్నొకటి తినేయకుండా ఉండాలంటే ఈ రెండు ప్రశ్నలను విడదీసి చూడడం తప్పనిసరి.

నూరేళ్ల కిందటి పుస్తకాల గుంపుకు చెల్లిందంతా అందరికీ చెల్లుతుందా అని అడగవచ్చు. మనసు శాస్త్రంలో దీనికి గట్టి ఆధారమే ఉంది. 1971లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ కాలేజీ విద్యార్థులకు సోమా అనే ఘనాల పజిల్ ఇచ్చి ఒక ప్రయోగం చేశారు. కొందరికి మధ్యలో పజిల్ పూర్తి చేసినప్పుడల్లా డబ్బు ఇచ్చారు, తర్వాత ఆపేశారు. మిగతావారికి ఎప్పుడూ డబ్బు లేదు. ఖాళీ సమయంలో ఎవరు ఏం చేస్తున్నారో గమనిస్తే, డబ్బు రుచి చూసినవారిలో పజిల్ మీద ఆసక్తి తగ్గింది. సొంతంగా ఇష్టపడి చేసే పనికి కూలి లెక్క అంటించగానే ఇష్టం సన్నగిల్లిందన్నమాట. తర్వాత డెసీ, రిచర్డ్ రయాన్ కలిసి చెప్పిన సిద్ధాంతం ప్రకారం మనిషి మనస్ఫూర్తిగా పనిచేయడానికి మూడు కావాలి: తన పని మీద తనకు అధికారం, ఆ పని తనకు చేతనవునన్న నమ్మకం, తోటివాళ్లతో అనుబంధం. ఇష్టమైన అంశం అప్పగించి, దాన్ని పుస్తకంగా పూర్తిచేసే దాకా తోడుండి, ఒకే గ్రంథమాలలో పక్కపక్కన పేర్లు నిలబెట్టిన మండలి ఈ మూడింటినీ సమకూర్చింది. వ్యాపార ప్రపంచంలోనూ సాక్ష్యం లేకపోలేదు. త్రీఎమ్ కంపెనీ తన శాస్త్రవేత్తలు పని వేళలో 15 శాతం సొంత ఆలోచనల మీద గడపవచ్చని అనుమతించింది. 1968లో ఆ కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టిగా అంటుకోని ఒక జిగురు తయారుచేశారు. దాన్ని దేనికి వాడాలో చాలాకాలం ఎవరికీ తోచలేదు. ఆర్ట్ ఫ్రై అనే సహోద్యోగి చర్చిలో పాటలు పాడేవారు. పాటల పుస్తకంలో పెట్టుకున్న గుర్తు కాగితాలు జారిపోతుంటే ఆయనకు ఆ జిగురు గుర్తొచ్చింది. 1980లో అమెరికా అంతటా పోస్ట్ ఇట్ కాగితాలు అమ్మకానికొచ్చాయి. ఆఫీసు బయట ఉన్న పాటల ఇష్టం, ఆఫీసు లోపల మూలపడి ఉన్న జిగురుకు దారి చూపింది. ఫ్రై పాట సంగతి ఇంట్లోనే వదిలి రావాల్సిందని ఎవరైనా అనగలరా?

దీనికి మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. అందరూ ఇష్టమైనవే చేస్తే ఇష్టం లేని పని ఎవరు చేస్తారు? ప్రూఫులు దిద్దడం, చిరునామాలు రాయడం, లెక్కలు చూడడం, బాకీలు వసూలు చేయడం ఎవరి కలలోకీ రావు. ఇది నిజమైన ప్రశ్న. సురవరం ప్రతాపరెడ్డి జీవితం దీనికి జవాబు ఇస్తుంది. ఆబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్‌తో విడదీయరాని అనుబంధం ఉన్న ఆయన, 1926 మే 10న ‘గోలకొండ’ పత్రిక మొదలుపెట్టారు. సంపాదకీయం రాయడం దగ్గర్నుంచి ప్రూఫులు దిద్దడం దాకా స్వయంగా చేశారు. విసుగు పుట్టించే పనిని నాయకుడు ముందుగా తన చేతిలోకి తీసుకుంటే, మిగిలినవాళ్లు తమ వాటా తీసుకోవడానికి వెనకాడరు. ఇష్టం లేని పనిని ఎప్పుడూ జట్టులో చిన్నవాడి మీదికే తోసేస్తే మాత్రం, మిగతా వాళ్ల ఇష్టాలన్నీ అతని నెత్తిమీద కట్టిన మేడలవుతాయి. కాబట్టి విసుగు పనిని లెక్కగట్టి, వంతులు వేసి, అందరికీ తెలిసేలా పంచాలి. ప్రతాపరెడ్డి ఇంకొకటి కూడా చేసి చూపించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట అచ్చులోకి వస్తే, ఆయన కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరా ఉన్న కవుల నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. ఆ కవులంతా అంతకుముందే రాస్తున్నారు. వాళ్లను అడిగినవాళ్లే లేరు. జట్టులోనూ తరచూ ఇదే జరుగుతుంది. మనిషిలో శక్తి లేక కాదు, నాయకుడు అడగక వృథా అవుతుంది.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. ఇష్టం పేరు చెప్పి మనుషుల్ని పిండుకోవచ్చు. నీకు ఇష్టమే కదా, ఆదివారం కూడా వచ్చి చెయ్యి అని చెప్పే యజమానులు తక్కువేం కాదు. డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనాల్లో ఇది తేలింది. పనంటే మక్కువ ఉన్న ఉద్యోగి చేత జీతం లేకుండా అదనంగా చేయించుకోవడం, సంబంధం లేని చాకిరీ అంటగట్టడం ఫరవాలేదని చాలామందికి అనిపిస్తుందట. చేసేవాడికి ఎలాగూ సంతోషమే కదా అన్న సాకు మనసులో తయారుగా ఉంటుంది. ఈ ప్రమాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ దీనికి విరుగుడు ఇష్టాన్ని అణచడం కాదు. ఇష్టానికి కాలం కేటాయించాలంటే ఆ కాలం పని వేళల్లోనే ఉండాలి. ఫలితానికి చేసినవాడి పేరు ఉండాలి. జీతం వేరు, ఇష్టం వేరు. ఒకదాన్ని చూపి ఇంకొకదాన్ని కోయకూడదు. డెసీ ప్రయోగాన్ని చూపించి, డబ్బిస్తే ఇష్టం పోతుంది కాబట్టి తక్కువిద్దాం అనుకునేవాళ్లు దాన్ని తలకిందులుగా చదివినవాళ్లు. న్యాయమైన జీతం బతుకు భయాన్ని తీసేస్తుంది. ఆ భయం తీరాకే మనిషి తన ఇష్టం వైపు చూడగలుగుతాడు. మునగాల దివానుకు జీతం ఉంది. అందుకే శాసనాలు చదవడానికి మనసు మిగిలింది.

మూడో అభ్యంతరం మనుషులు వెళ్లిపోవడం గురించి. ఇష్టాన్ని పెంచితే అది వాళ్లను జట్టు బయటికి లాక్కుపోదా? లాక్కుపోవచ్చు. 1908లో గాడిచర్ల బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపి, అందులో వచ్చిన ఒక వ్యాసం కారణంగా రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్లారు. మండలి ఆగిపోలేదు. అదే ఏడు మద్రాసుకు మారి పుస్తకాలు వేస్తూనే ఉంది. తర్వాత లక్ష్మణరావు చేపట్టిన విజ్ఞాన సర్వస్వం పనిలో సాయపడినవారిలో గాడిచర్ల కూడా ఉన్నారు. ఇంకా తర్వాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు ఆయన జీవితాన్ని ధారపోశారు. గౌరవంగా పంపిన మనిషి గౌరవంగా తిరిగివస్తాడు, లేకపోతే వెళ్లిన చోట అదే పనిని ఇంకో రూపంలో చేస్తాడు. కట్టేసి ఉంచిన మనిషి మాత్రం ఉన్నన్నాళ్లూ సగం మనసుతోనే ఉంటాడు.

ఇక లక్ష్మణరావు పద్ధతిలో కనిపించే లోటు గురించి కూడా చెప్పాలి. మండలి తర్వాత ఆయన చేపట్టిన పెద్ద పని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. లోకంలోని విద్యలన్నిటినీ తెలుగులో అకారాదిగా ఇవ్వాలన్న ఆశయం. మూడు సంపుటాలు వెలువడ్డా పని అక్షరమాల మొదట్లోనే ఉండిపోయింది. ఒక్కో అంశం మీద పూర్తిగా, లోతుగా రాయాలన్న ఆయన పట్టుదల అందులో కనిపిస్తుంది. 1923 జులై 12న ఆయన కన్నుమూయడంతో పని ఆగింది. దాన్ని మళ్లీ అందుకోవడానికి కాశీనాథుని నాగేశ్వరరావు పూనుకోవలసివచ్చింది. అందరి ఇష్టాలకూ హద్దు గీసిన నాయకుడు తన ఇష్టానికి గీసుకోలేకపోతే ఎంత గొప్ప పనైనా సగంలో చిక్కుతుందని నేను అనుకుంటాను. ఎంత పొడవు రాయాలి, ఎక్కడ ఆపాలి, తన తర్వాత ఎవరు అని నాయకుణ్ని అడగగలిగే మనిషి జట్టులో ఉండాలి. అలా అడిగే హక్కు కూడా ఉత్సాహపరచడంలో భాగమే.

అయితే పుస్తకం ఆగినా మనుషులు ఆగలేదు. ఆ విజ్ఞాన సర్వస్వం పనిలో చేరిన కుర్రవాళ్లలో మల్లంపల్లి సోమశేఖరశర్మ ఒకరు. చేతిలో డిగ్రీ లేదు. శాసనాల మీద ఆసక్తి ఉంది. ఆ పనిలో పదును తేలి, రెడ్డి రాజ్యాల చరిత్ర రాసిన గొప్ప చరిత్రకారుడయ్యారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు. రావిచెట్టు రంగారావు చేరదీసిన ఆదిరాజు వీరభద్రరావు తెలంగాణ చరిత్ర పరిశోధనకు అంకితమయ్యారు. హైదరాబాదులో మొదలైన పరిశోధక సంఘం లక్ష్మణరావు మరణానంతరం లక్ష్మణరాయ పరిశోధక మండలిగా పేరు మార్చుకుని, 1935లో ‘తెలంగాణా శాసనములు’ తొలి సంపుటం ప్రచురించింది. సరిగ్గా ఇక్కడే నా వాదనకు బలమైన సాక్ష్యం ఉంది. ఆజ్ఞలతో నడిచిన జట్టు ఆజ్ఞ ఇచ్చేవాడు పోగానే చెదురుతుంది. ఒక్కొక్కరి ఇష్టాన్ని మేల్కొలిపిన నాయకుడు పోయాక కూడా, ఆ ఇష్టాలు వాటి దారి అవి వెతుక్కుని పని కొనసాగిస్తాయి.

పుస్తకాలు, పరిశోధన వేరు, దుకాణం వేరు అనుకునేవాళ్లకు ఒక మాట. మొజంజాహీ మార్కెట్లో పండ్లతో ఐస్‌క్రీమ్ చేసి అమ్మే కొట్టు ఒకటి ఊహించుకోండి. పనివాళ్లు అయిదుగురు. సీతాఫలాల కాలంలో ఏ పండు ఇవ్వాళ పనికొస్తుంది, ఏది రేపటికి పండుతుంది అని వేలితో నొక్కి చెప్పగల కుర్రాడొకడు ఉంటాడు. కప్పులు కడగడానికి పెట్టుకున్నారు కాబట్టి అతన్ని ఎవరూ అడగరు. పొద్దున సరుకు కొనేటప్పుడు అతన్ని వెంట తీసుకెళ్లడానికి యజమానికి పైసా ఖర్చు లేదు. ఆ రోజు గింజ తీసిన గుజ్జులో ఎంత పుల్లబడింది, ఎంత వృథా పోయింది అన్న లెక్క కూడా అతనికే అప్పజెబితే ఇష్టం బాధ్యతగా మారుతుంది. కప్పులు కడిగే పనిని వంతుల వారీగా అందరూ పంచుకోవాలి, యజమాని కూడా. కుర్రాడి జీతం పెరగాలి. ఇందులో పెద్ద పెద్ద శిక్షణలేమీ అక్కర్లేదు.

చిన్న జట్టు నడిపేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ వాళ్లు ఎవరూ చెప్పకుండానే, ఎవరూ చూడకపోయినా చేసే పని ఏదో గమనించండి. అది అడగడానికి సంవత్సరాంతపు సమీక్ష దాకా ఆగొద్దు. ఉమ్మడి పనిలో దానికి సరిపడే ఒక ముక్కను వెతికి, గడువు చెప్పి, పూర్తిగా వాళ్ల చేతిలో పెట్టండి. అది మీకు బాగా వచ్చిన పనైతే ఇంకా ముందు ఇవ్వండి. విసుగు పనిలో మీ వాటా అందరి కళ్ల ముందే చేయండి. ఫలితం మీద చేసినవాళ్ల పేరు వేయండి, జీతంలో ఆ విలువ చూపించండి. వెళ్లాలనుకునేవాళ్లను మంచిమాటతో పంపండి. ఇదంతా పనిని మెత్తబరచడానికి చెప్పడం లేదు. మనసు పెట్టి చేసిన పనికీ, మొక్కుబడిగా చేసిన పనికీ ఉన్న తేడా కొన్నవాడికి, చదివినవాడికి, కౌంటర్ ముందు నిలబడ్డవాడికి వెంటనే తెలిసిపోతుంది. మన సంస్థల్లో ఎందరో తెలివైనవాళ్లు ముప్పై ఏళ్లు కొలువు చేసి, తమకు నిజంగా ఏది ఇష్టమో పైవాడు ఒక్కసారైనా అడగకుండానే రిటైరవుతున్నారు. ఆ నష్టం వాళ్లది మాత్రమే కాదు, మనందరిదీ. దాన్ని ఆపడం ప్రతి చిన్న జట్టు పెద్దకూ ఈ రోజే చేతనైన పని.